తెలుగు మీడియం వాళ్ల ఇంగ్లీషు పేపరు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంచిక బాధ్యులు అడిగినప్పుడు ఏం రాయాలా అని చాలా ఆలోచించాను. కవితలు రాసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. నీళ్ల సాంబారు మీద, వార్డెన్ సార్ విజిల్ మీద జోకులు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. అందుకని నలుగురికి ఉపయోగపడేది ఏదైనా రాద్దామనిపించింది. 2023 వేసవిలో రూం నంబర్ 6లో నలుగురం సెంట్రల్ యూనివర్సిటీ ఎంట్రన్స్‌లోని ఇంగ్లీషు పేపరుకు ఎలా తయారయ్యామో రాస్తున్నాను. ఇందులో గొప్పలు ఏమీ లేవు. నలుగురిలో అందరికీ సీట్లు రాలేదు కూడా. కానీ ఆ యాభై రోజుల్లో మేం తెలుసుకున్న సంగతులు ఇప్పుడు ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లకు చెప్పకపోతే మాతోనే పోతాయి.

ముందుగా పరీక్ష గురించి రెండు మాటలు. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుల్లో చేరడానికి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. దీన్ని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తుంది. గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ సీట్లు కూడా దీనిద్వారానే ఇస్తున్నారు. చరిత్ర, అర్థశాస్త్రం వంటి సబ్జెక్టుల ప్రశ్నపత్రాన్ని మనం తెలుగులో తీసుకోవచ్చు. మొత్తం 13 భాషల్లో ఆ వీలుంది. చిక్కంతా ఇంగ్లీషు పేపరుతోనే. దాన్ని తెలుగులో తీసుకోవడం కుదరదు కదా! మన దగ్గర చాలామంది ఫారం దాకా వచ్చి, ఇంగ్లీషు పేపరు ఉందని తెలిసి అక్కడే ఆగిపోతారు. మా ముందు రెండు బ్యాచ్‌ల నుంచి ఒక్కరు కూడా అప్లై చేయకపోవడానికి కారణం అదే.

మనకు ఇంగ్లీషంటే భయం ఎందుకు? నాకు తెలిసినంతలో చెబుతాను. మనకు ఇంగ్లీషు అనగానే మాట్లాడటం గుర్తొస్తుంది. టౌన్లో కాన్వెంటు పిల్లలు గడగడా మాట్లాడేది గుర్తొస్తుంది. సెల్‌ఫోన్ షాపులో, బ్యాంకులో, ఆసుపత్రిలో ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే మన నాయన ముఖం ఎలా అవుతుందో గుర్తొస్తుంది. పుస్తకం తెరవకముందే భయం వచ్చి కూర్చుంటుంది. ఇక ఇంటర్ ఇంగ్లీషు ఎలా గట్టెక్కుతామో మీకు నేను చెప్పక్కర్లేదు. గైడు కొనుక్కుని, పది వ్యాసాలు బట్టీ పట్టి, ప్రశ్న ఏదైనా అందులో ఒకటి రాసేసి వస్తాం. మార్కులు కూడా పడతాయి. కానీ ఎంట్రన్స్‌లో ఇచ్చే పాసేజ్ ఏ గైడులోనూ ఉండదు. అక్కడ బట్టీ పనిచేయదు.

ఇంటర్ రెండో సంవత్సరం చలికాలంలో మేమిద్దరం టౌన్లో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్లి అడిగాం. కౌంటర్లో కూర్చున్నాయన మా చెప్పుల వైపు ఒకసారి చూసి, ఇంగ్లీషులో ఏదో అడిగాడు. మేం జవాబు చెప్పేలోపే, "తెలుగు మీడియమా? అయితే కష్టం" అన్నాడు. ఫీజు చెప్పాడు. అది మా అమ్మ ఒక సీజన్ అంతా మిరపకాయలు ఏరితే వచ్చే కూలీ. ఏమీ మాట్లాడకుండా హాస్టల్‌కు నడిచి వచ్చేశాం. దారిలో మా ఎంపీసీ మిత్రుడు ఒకటే మాటన్నాడు. "ఆయన అడిగింది నాకు అర్థమైందిరా. జవాబే రాలేదు." అప్పుడు ఆ మాటను పట్టించుకోలేదు గానీ, అసలు సంగతంతా అందులోనే ఉంది.

సంక్రాంతి సెలవుల తర్వాత మన పాత విద్యార్థి ఒకన్న స్కాలర్‌షిప్ పనిమీద హాస్టల్‌కు వచ్చాడు. ఆయన అప్పటికి యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాడు. రాత్రి మా గదిలోనే పడుకున్నాడు. మేం మా భయం చెప్పుకుంటే నవ్వి, "తమ్ముడూ, ఆ పేపర్లో నిన్నెవరూ మాట్లాడమనరు. వ్యాసం రాయమనరు. ఉన్నది చదివి, నాలుగిట్లో ఒకటి పెట్టమంటారు. మాట్లాడటం వేరు, చదవడం వేరు. ఎదుటోడు మాట్లాడితే అర్థమైతుందా లేదా?" అన్నాడు. "కొంచెం కొంచెం అయితది అన్నా" అన్నాం. "ఆ కొంచాన్ని పెంచుకోండ్రి. మాట్లాడుడు తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ రాత్రే నలుగురం అప్లై చేయాలని నిర్ణయించుకున్నాం. నేను హెచ్ఈసీ. మిగతా ముగ్గురిలో ఒకరు ఎంపీసీ, ఒకరు బైపీసీ, ఒకరు సీఈసీ.

ఏప్రిల్ మొదటి వారానికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఎంట్రన్స్ మే 21 నుంచి మొదలు. హాస్టల్ మాత్రం వేసవికి మూతపడుతుంది. ఇంటికి వెళితే చదువు సాగదని మాకు తెలుసు. వార్డెన్ సార్‌ను బతిమాలితే గది ఇచ్చారు, మెస్ మాత్రం నడవదన్నారు. ఇళ్ల నుంచి బియ్యం తెచ్చుకున్నాం. వాచ్‌మన్ తాత దగ్గర కిరోసిన్ స్టవ్ ఉండేది. పొద్దున అన్నం, పచ్చడి. రాత్రి అన్నం, పప్పు. అమ్మ ఫోన్ చేసి, "పరీక్షలు అయిపోయినయ్ గదా బిడ్డా, ఇంకా ఆడేం జేస్తున్నవ్? నాయనకు ఒక్కడికే చాతనైతలేదు, ఇంటికి రా" అనేది. వాళ్లిద్దరూ ఎండలో ఉపాధి హామీ పనికి పోతున్నారు. ఇక్కడ నేను ఫ్యాను కింద కూర్చుని ఇంగ్లీషు చదువుతున్నాను. "ఇంకో నెల అమ్మా" అనేవాణ్ని. ఆ నెల వృథా కాకూడదన్నదే మా అందరి పట్టుదల.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మేం ఏం చేశామో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది, ఆర్టికల్స్. ఎ, యాన్ ఎక్కడ ఏది రావాలి అన్నది. ఎ, ఇ, ఐ, ఓ, యు ముందు యాన్ వస్తుందని చిన్నప్పటి నుంచి బట్టీ పట్టాం. కానీ 'యూనివర్సిటీ' స్పెల్లింగు యు అక్షరంతో మొదలైనా దాని ముందు ఎ వస్తుంది. 'అవర్' అంటే గంట, స్పెల్లింగు హెచ్‌తో మొదలైనా యాన్ వస్తుంది. ఇదంతా గందరగోళంగా ఉండేది. దీనికి దారి కనిపెట్టింది మా బైపీసీ మిత్రుడు. మనందరికీ ఒక అలవాటుంది. ఇంగ్లీషు పాఠం మీద పెన్సిల్‌తో ప్రతి మాటనూ తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. సార్లు చూస్తే తిడతారని దాచుకుంటాం. వాడు ఒకరోజు ఆ పెన్సిల్ రాతలు చూస్తూ చూస్తూ, "అరేయ్, తెలుగులో రాసినంక అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ! చూడండ్రి" అని అరిచాడు. మేం నమ్మలేదు. ఒక్కొక్కటే వేసి చూశాం. అవర్: అచ్చు, యాన్ అవర్. ఆనెస్ట్: అచ్చు, యాన్ ఆనెస్ట్ మ్యాన్. యూనివర్సిటీ: హల్లు, ఎ యూనివర్సిటీ. యూనిఫాం: హల్లు, ఎ యూనిఫాం. ఎమ్మెల్యే: అచ్చు, యాన్ ఎమ్మెల్యే. సోషల్ వెల్ఫేర్ హాస్టల్‌కు ఎ వస్తుంది. అదే ఎస్సీ హాస్టల్ అంటే యాన్ వస్తుంది!

కారణం తర్వాత తెలిసింది. ఇంగ్లీషు నియమం అక్షరాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి. మన తెలుగు లిపి శబ్దాన్నే రాస్తుంది. అందుకే స్పెల్లింగు దాచిపెట్టే సంగతి మన లిపిలో బయటపడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మనం కొన్ని మాటలను మన నోటికి తగ్గట్టు మార్చి రాస్తాం. పసుపు రంగును 'ఎల్లో' అని, ఏడాదిని 'ఇయర్' అని రాస్తాం. వాటిని య శబ్దంతో పలకాలి కాబట్టి ఎ వస్తుంది. చెవికి కూడా 'ఇయర్' అనే రాస్తాం, దానికి మాత్రం యాన్. అలాగే 'ఉమన్', 'ఉడ్' అని మనం రాసేవి నిజానికి వ శబ్దంతో మొదలవుతాయి. వాటి ముందు యాన్ పెట్టకూడదు. ఈ నాలుగైదు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఏ అలవాటును సార్ల దగ్గర దాచుకున్నామో అదే మాకు మొదటి పాఠం నేర్పింది.

రెండోది, ప్రిపొజిషన్లు. ఇవి మన విభక్తుల్లాంటివే. తెలుగులో 'బల్ల మీద' అంటాం. మీద అన్నది బల్ల వెనక నడుస్తుంది. ఇంగ్లీషులో 'ఆన్ ద టేబుల్', ముందు నడుస్తుంది. అంతే తేడా అనుకుంటే పొరపాటు. మన ఒక్క విభక్తికి వాళ్లకు నాలుగు మాటలుంటాయి. 'హాస్టల్లో' అంటే ఇన్, 'బస్సులో వచ్చాను' అంటే బై. 'ఐదింటికి' అంటే యాట్, 'హైదరాబాద్‌కు' అంటే టు. 'ఆదివారం వస్తాను' అంటే తెలుగులో విభక్తే లేదు, ఇంగ్లీషులో ఆన్ పెట్టాలి. 'ఆమెతో పెళ్లయింది' అంటాం కాబట్టి మ్యారీడ్ విత్ అని పెడతాం. అక్కడ టు రావాలి. 'దాని గురించి చర్చించారు' అంటాం కాబట్టి డిస్కస్ పక్కన అబౌట్ పెడతాం. అక్కడ ఏమీ అక్కర్లేదు. మేం ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు ఇంగ్లీషు వాక్యం రాసుకుంటూ పోయాం. తెలుగు ఎక్కడ మనల్ని తప్పు దారి పట్టిస్తుందో అక్కడ ఎర్ర పెన్నుతో గీత. రోజుకు పది. పరీక్ష నాటికి ఆ నోట్‌బుక్ నిండిపోయింది.

మూడోది, వాక్యాల వరస సరిచేయడం. నాలుగు వాక్యాలను కలగాపులగం చేసి ఇచ్చి, సరైన క్రమం అడుగుతారు. దీన్ని మేం ముందు తెలుగులో ఆడాం. ఉదాహరణకు చూడండి. ఎ) ఆ డబ్బుతో ఆమె రెండు మేకలు కొన్నది. బి) ఒక ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేది. సి) ఏడాది తిరిగేసరికి అవి ఆరు అయ్యాయి. డి) మహిళా సంఘంలో ఆమెకు అప్పు దొరికింది. మీరు ఇప్పటికే బి, డి, ఎ, సి అనేసి ఉంటారు. ఎలా తెలిసింది? 'ఆమె' అనాలంటే ముందు ముసలమ్మ రావాలి. 'ఆ డబ్బు' అనాలంటే ముందు అప్పు రావాలి. 'అవి' అనాలంటే ముందు మేకలు రావాలి. ఇంగ్లీషులోనూ ఇంతే. హీ, షీ, దే, దిస్, దట్ ఉన్న వాక్యం సాధారణంగా మొదట రాదు. ఒక మనిషి గురించి మొదటిసారి చెబితే ఎ, రెండోసారి చెబితే ద. అంటే ఆర్టికల్స్ నేర్చుకున్నది ఇక్కడ కూడా పనికొస్తుంది. కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. కథలో ఎవరు ముందొస్తారో చూసుకోవడమే.

నాలుగోది, పదాలు. డిక్షనరీ మొదటి పేజీ నుంచి చదువుతామని మా సీఈసీ మిత్రుడు కూర్చున్నాడు. మూడు రోజులకే ఆపేశాడు. అప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. కొత్త మాటలకు ముందు, మనకు ఇప్పటికే తెలిసిన మాటలు ఎన్నో లెక్కపెడదామని. ఈపాస్ స్కాలర్‌షిప్ ఫారం ముందు పెట్టుకున్నాం. రెన్యువల్, శాంక్షన్, పెండింగ్, అటెస్టేషన్, బోనఫైడ్, రీయింబర్స్‌మెంట్, ఇన్‌కం, కమ్యూనిటీ, వెరిఫికేషన్. ఇవన్నీ మన అమ్మలకు కూడా తెలుసు! మీ సేవ సెంటర్‌లో లైన్లో నిలబడి నేర్చుకున్న మాటలు. ఒక్కో మాటను పట్టుకుని దాని చుట్టాలను వెతికాం. 'రీ' అంటే మళ్లీ. రెన్యువల్ అంటే మళ్లీ కొత్తది చేయడం, రీయింబర్స్ అంటే ఖర్చయినదాన్ని మళ్లీ ఇవ్వడం. బోనఫైడ్ అంటే నిజమైనది, మోసం లేనిది. శాంక్షన్ అంటే మంజూరు, కానీ దానికే ఆంక్ష అనే అర్థం కూడా ఉంది. మన తెలుగు వాచకంలో నానార్థాలు చదువుకున్నాం కదా, అలాగన్నమాట. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు కూడా మనకు కొత్త కాదు. న్యాయం, అన్యాయం. సాధ్యం, అసాధ్యం. పాజిబుల్, ఇంపాజిబుల్. అన్, ఇన్, ఇమ్, డిస్ తగిలితే చాలాసార్లు అర్థం తిరగబడుతుంది. తర్వాత టీ కొట్టు దగ్గర పాత ఇంగ్లీషు పేపర్లు అడిగి తెచ్చుకుని, రోజుకొక చిన్న వార్త చదివాం. తెలియని మాటకు వెంటనే డిక్షనరీ తీయకూడదని నియమం. ముందు పక్క మాటలను బట్టి ఊహించాలి, తర్వాతే చూడాలి. ఎందుకంటే పరీక్షలో డిక్షనరీ ఉండదు, పక్క మాటలే ఉంటాయి.

ఐదోది, పాసేజ్. ఇది అన్నిటికంటే ముఖ్యం. ముందు ప్రశ్నలు చదవాలి, తర్వాత పాసేజ్ చదవాలి. ప్రశ్నలో 'నాట్', 'ఎక్సెప్ట్' ఉన్నాయేమో చూసుకోవాలి. జవాబు పాసేజ్‌లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. వేలు పెట్టలేకపోతే అది జవాబు కాదు, మన అభిప్రాయం. ఒకసారి పత్తి మీద పాసేజ్ వచ్చింది. పత్తి గురించి మాకు చెప్పాలా! మా సీఈసీ మిత్రుడు రెండు ప్రశ్నలకు సొంత జవాబులు పెట్టి, అవి తప్పయితే, "రాసినాయనకు పత్తి తెల్వదు, నేను పదేళ్ల నుంచి ఏరుతున్న" అని వాదించాడు. నిజమే, వాడికే ఎక్కువ తెలుసు. కానీ అక్కడ అడిగింది పత్తి గురించి కాదు, ఆ పాసేజ్ పత్తి గురించి ఏం చెప్పిందని. ఈ తేడా తెలిశాక మా మార్కులు పెరిగాయి.

పొడుగాటి వాక్యాలకు మా స్టడీ హాల్ గోడే సాయం చేసింది. అంబేద్కర్ గారి ఫోటో పక్కన రాజ్యాంగ పీఠిక ఉంది, చూశారు కదా. తెలుగులో గోడ మీద, ఇంగ్లీషులో మా పాఠ్యపుస్తకం మొదట్లో. 1949 నవంబర్ 26న ఆమోదించిన ఆ పీఠిక ఇంగ్లీషులో మొత్తం ఒకే ఒక్క వాక్యం! కర్త మొట్టమొదటే ఉంది, ప్రజలమైన మనం. అసలు క్రియ ఎక్కడో చివర ఉంది. మధ్యలో ఉన్నదంతా ఏం సాధించాలని నిర్ణయించుకున్నామో ఆ పట్టిక. ఒక సాయంత్రం నలుగురం రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని, కర్త ఎవరు, క్రియ ఏది, దేనికి ఏది అతుకుతుంది అని పెన్సిల్ గీతలు గీశాం. లిబర్టీ పక్కన స్వేచ్ఛ, ఈక్వాలిటీ పక్కన సమానత్వం, ఫ్రెటర్నిటీ పక్కన సౌభ్రాతృత్వం. రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత ఎంత పొడుగు వాక్యం వచ్చినా కర్తను, క్రియను వెతకడం అలవాటైపోయింది. రోజూ దాని కిందే కూర్చుని అన్నం తిన్నాం గానీ, ఆ రోజే దాన్ని పూర్తిగా చదివాం.

ఆరోది, లెక్క. ఇది మా ఎంపీసీ మిత్రుడి శాఖ. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. 2023లో ఇంగ్లీషులో 50 ప్రశ్నలిచ్చి 40 రాయమన్నారు, సమయం 45 నిమిషాలు. అంటే ప్రశ్నకు 67 సెకన్లు. మైనస్ మార్కులని భయపడి మేం చాలా ప్రశ్నలు వదిలేసేవాళ్లం. వాడు కాగితం తీసి లెక్క చూపించాడు. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే, ఒకటి తగిలి మూడు పోయాయనుకున్నా, 5లో 3 పోయి 2 మిగులుతాయి. అదే రెండు తప్పు జవాబులను కొట్టేసి, మిగిలిన రెండిట్లో ఒకటి పెడితే, నాలుగింట రెండు తగులుతాయనుకుందాం. 10లో 2 పోతే 8. కాబట్టి తెలిసిన మేరకు కొట్టేయడం నేర్చుకోవాలి, వదిలేయడం కాదు. 2025లో పద్ధతి మారింది. 50కి 50 ప్రశ్నలూ రాయాలి, సమయం 60 నిమిషాలు, మొత్తం 250 మార్కులు. తమ్ముళ్లూ, ఏటా ఏవో మార్పులు వస్తున్నాయి కాబట్టి, మా మాట మీద ఉండిపోకుండా ఆ ఏడు ఇచ్చిన సమాచార బులెటిన్‌ను మీరే చదవండి. అది కూడా ఒక ఇంగ్లీషు పాసేజే!

ఇంకొకటి. పరీక్ష కంప్యూటర్ మీద. మాలో ఇద్దరు అప్పటిదాకా మౌస్ పట్టుకోలేదు. టౌన్లో నెట్ సెంటర్‌లో రెండుసార్లు గంట చొప్పున కూర్చుని, జవాబు పెట్టి 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కడం సాధన చేశాం. నీళ్లలో దిగితే గానీ ఈత రాదు. ఆ రెండు గంటల ఖర్చు దండగ అనుకోకండి.

పరీక్ష వారం ముందు బైపీసీ మిత్రుడి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల నాయనకు బాగాలేదు. వాడు ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. పెట్టె ఇక్కడే ఉంది, వస్తాననే అన్నాడు. రాలేకపోయాడు. మా ముగ్గురికీ సెంటర్ హైదరాబాద్‌లో పడింది. ముందురోజు రాత్రి వెళ్లి, తెలిసిన అన్న గదిలో పడుకుని, పొద్దున్నే పరీక్ష రాశాం. ఇంగ్లీషు పేపర్లో నాకు ఆర్టికల్ ప్రశ్న కనపడగానే వాడే గుర్తొచ్చాడు.

జూలైలో ఫలితాలు వచ్చాయి. నాకు ఇంగ్లీషులో మేం అనుకున్నదానికన్నా మంచి మార్కులు వచ్చాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎంఏ చరిత్రలో సీటు వచ్చింది. ఎంపీసీ మిత్రుడికి ఇంగ్లీషు బాగా వచ్చినా ఆ ఏడు సీటు దాకా రాలేదు. మళ్లీ 2024లో రాసి, అనంతపురంలో ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌లో చేరాడు. సీఈసీ మిత్రుడు ఇక్కడే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరాడు. బైపీసీ మిత్రుడు ఎరువుల దుకాణంలో పనిచేస్తూ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి కట్టాడు. వాడికి సీటు రాలేదనకూడదు, వాడు పరీక్ష దాకా రాలేకపోయాడు. మా నలుగురిలో చురుకైనవాడు వాడే. ఇంగ్లీషు పేపరుకు మందు ఉంది. ఇంటి పరిస్థితికి యాభై రోజుల్లో మందు దొరకదు. ఈ మాట కూడా రాయకపోతే నేను రాసింది సగమే నిజమవుతుంది.

యూనివర్సిటీలో చేరాక ఏమైందో కూడా చెప్పాలి. సీటు రాగానే ఇంగ్లీషు వచ్చేసినట్టు కాదు. మొదటి నెల క్లాసులో సార్ల మాట అందేది కాదు. విన్నదాన్ని తెలుగు అక్షరాల్లోనే గబగబా రాసుకుని, రాత్రి గదిలో కూర్చుని విడదీసుకునేవాణ్ని. కానీ లైబ్రరీలో పుస్తకం ఇస్తే చదవగలిగాను. నెమ్మదిగానైనా చదవగలిగాను. అదే నన్ను నిలబెట్టింది. చదవడం వచ్చాక వినడం వచ్చింది, దాని వెనక రాయడం వచ్చింది. మాట్లాడటం ఇప్పటికీ వస్తూనే ఉంది, తడబడుతూ. ఆ కోచింగ్ సెంటర్ ఆయన అడిగినప్పుడు మాకు లేనిది జవాబు చెప్పే నోరు ఒక్కటే. ఆయన దాన్ని చదువు లేకపోవడం అనుకున్నాడు. తమ్ముళ్లూ, ఎవరైనా మీ నోరు చూసి మీ చదువు ఇంతే అంటే నమ్మకండి.

చివరగా ఒక విన్నపం. మన హాస్టల్లో ఇప్పుడు ఒక మంచి ఏర్పాటు నడుస్తోంది. మా సీఈసీ మిత్రుడు డిగ్రీ చదువుతూనే, వారానికి రెండు రాత్రులు స్టడీ అవర్‌లో ఇంటర్ తమ్ముళ్లకు ఇంగ్లీషు చెబుతున్నాడు. మా ఎర్ర గీతల నోట్‌బుక్ వాడి దగ్గరే ఉంది. అట్టలు ఊడిపోయాయి, కొత్త పేజీలు చేరాయి. అయితే వాడి డిగ్రీ అయిపోతే ఆ స్టడీ అవర్ ఆగిపోకూడదు. పాత విద్యార్థులైన అన్నలు చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు. వార్షికోత్సవం రోజున శాలువాలు కప్పించుకోవడంతో పాటు, నెలకొక ఆదివారం వచ్చి ఒక పాసేజ్ చదివించి వెళితే ఎంతో మేలు. రాలేనివాళ్లు హాస్టల్‌కు ఒక ఇంగ్లీషు దినపత్రిక వేయించండి. అప్లికేషన్ల కాలంలో నలుగురు తమ్ముళ్లకు ఫీజు కట్టండి. వేసవిలో చదువుకునేవాళ్లకు నెల బియ్యం ఇప్పించండి. మాకు ఆ వేసవిలో లోటుగా కనిపించినవి ఇవే.

నేను సెలవులకు వచ్చినప్పుడల్లా రూం నంబర్ 6కు వస్తాను. పెన్సిల్, పాత పేపరు దగ్గర పెట్టుకోండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్.

– మీ అన్న,
2021–23 బ్యాచ్, రూం నంబర్ 6